సిస్టరమ్మ చెప్పిన ఎపిసోడ్

మా మేనత్త చనిపోయింది. పోయిన నెలలో ఒక శనివారం ఉదయం, నంద్యాలలో మా ఇంటి ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉండగానే ఆమె ఊపిరి ఆగింది. సాయంత్రానికి ఆళ్ళగడ్డ తీసుకుపోయి, తాను కోరినట్టే వాళ్ళమ్మ సమాధి పక్కన పూడ్చాం. ఆమెకు అరవై ఆరేళ్ళు.

బంధువులకు కబురు నేనే ఫోన్లో చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు వణకలేదు. "ఏం పాపా, ఇంత నిమ్మళంగా చెప్తాండావే?" అని మా చిన్నాయన ఒకాయన అననే అన్నాడు. "కర్నూలు పెద్దాస్పత్రికన్నా తీస్కపోయింటే బాగుండు గదా" అని ఇంకొకరన్నారు. నేను నిమ్మళంగా ఉన్నది ఏడుపు రాక కాదు, వచ్చింది. కానీ దానికంటే ముందు వచ్చినది నిమ్మళమే. ఆ నిమ్మళం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మా అత్త గురించీ, మేమిద్దరం కూర్చుని చూసిన ఒక టీవీ సీరియల్ గురించీ చెప్పాలి.

అత్త ఆళ్ళగడ్డలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసింది. ఊళ్ళో అందరికీ ఆమె సిస్టరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీ చార్టులో ఖాళీ దొరకలే" అనేది. ఎవరింటికి వెళ్ళినా ముందు నేరుగా పెరట్లోకి పోయి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ తర్వాతే పలకరించేది. జబ్బు మనిషిని చూడటానికి పోతే మాట్లాడే లోపలే దుప్పటి కొసలు లాగి పరుపు కిందికి మడిచేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మిద్దె మెట్ల మీంచి పడి గడ్డం పగిలింది. మా అమ్మ ఏడుపుతో ఇల్లు దద్దరిల్లుతోంది. అత్త వచ్చి మొదట మా అమ్మకు గ్లాసు నీళ్ళు ఇచ్చింది, నాకు కాదు. "భయపడినోళ్ళకు ముందు నీళ్ళియ్యాల. మాటలు తర్వాత" అంది. నా దగ్గరికి వచ్చి, "ఏడిస్తే ఏడువు మే, తల మాత్రం కదిలీయొద్దు" అని కుట్లు వేసింది. నొప్పి ఉండదని చెప్పలేదు. లేని మాట చెప్పడం ఆమెకు చేతకాదనే నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. కొత్తగా వచ్చిన నర్సులను కూడా ఆమె ఒక్క విషయంలోనే గట్టిగా తిట్టేదట: చేయనిది చేసినట్టు కేసు షీటులో రాస్తే. "అదేమన్నా నవలనుకున్నావా మే నువ్వు రాసేది?" అనేదట.

పోయిన ఏడాది ఆమె గుండె బలహీనపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్ళకు వాపు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, పని మానమన్నాడు, ఒంటరిగా ఉండొద్దన్నాడు. నేను ఆళ్ళగడ్డ పోయి ఆమెను మా ఇంటికి పిలుచుకొచ్చాను. రెండు సంచులు తెచ్చుకుంది. ఒకదాంట్లో చీరలు, రెండోదాంట్లో బీపీ మిషను, స్టెతస్కోపు.

"నీ ఇంట్లో నేనేం చేయాల?" అంది బస్సులోనే.

"ఏం చేయొద్దు అత్తా. ఊరికే కూచో."

"అది నాకు రాదు మే."

నిజంగానే రాలేదు. వారం తిరక్కుండా మా వీధిలో సగం మందికి బీపీ చూసేసింది. డాక్టరు కోప్పడ్డాడు. ఆ సాయంత్రం చిన్నబుచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నదల్లా, ఉన్నట్టుండి అడిగింది. "ఆ ఆస్పత్రి సీరియల్ ఉండాది చూడు, దాన్ని మొదట్నించి చూడొచ్చంట గదా ఇప్పుడు?"

ఆ సీరియల్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఏళ్ళ తరబడి నడుస్తోంది, ఇంకా అయిపోలేదు. ఒక పెద్ద ఆసుపత్రి, దాన్ని నడిపే ఒక డాక్టరమ్మ, ఆమె ఇంట్లో గొడవలు. అత్త పనిచేసిన ఆడవాళ్ళ వార్డులో గోడకు ఒక టీవీ ఉండేది. రోజూ సాయంత్రం మంచాల మీద ఉన్నవాళ్ళంతా ఆ సీరియల్ చూసేవాళ్ళు. అత్త మందుల ట్రే పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతూ ఉండేది. "ఏండ్లకేండ్లు చూసినా మే. ఒక్కనాడు గూడా మొదులూ చివరా చూళ్ళేదు. సూది ఏసే లోపల ఎవురో సచ్చిపోతాంటారు, దూది పారేసొచ్చే లోపల బతికింటారు" అంది.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. సీరియళ్ళంటే చిన్నచూపు. అయినా అత్త ఊరికే కూర్చుంటే చాలని మొదటి ఎపిసోడ్ పెట్టాను. అలా మొదలైంది. మధ్యాహ్నం మూడున్నరకు నేను కాలేజీ నుంచి రావడం, చక్కెర తక్కువ వేసి రెండు టీలు పెట్టడం, ఐదున్నర దాకా ఇద్దరం టీవీ ముందు కూర్చోవడం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంకా ఎక్కువ చూసేవాళ్ళం. ఇంట్లో కొట్లాటలు వస్తే అత్త చెయ్యి ఊపేది. "ముందుకు తోయి మే. ఆ అత్తాకోడండ్లు మనకేంటికి? ఆస్పత్రికి పో."

ఆసుపత్రికి పోతే అసలు వేడుక మొదలయ్యేది. "ఆపరేషన్ చేస్తా జుట్టిరబోసుకున్యాది, ఎవురు ఈమెకు డిగ్రీ ఇచ్చినోళ్ళు?" "ఆ సెలైను చెయ్యికి కాదు మే, దిండుకు ఎక్కుతాండాది." "మూణ్ణెల్లు కోమాలో ఉండి లేచినాయప్పకు గడ్డం ఎవురు చేసినారు?" మా ఆయన కూడా ఆఫీసు నుంచి తొందరగా వచ్చి కూర్చోసాగాడు. సీరియల్ కోసం కాదు, అత్త మాటల కోసం. ఆయనంటే అత్తకు అభిమానం. "ఏమప్పా, నువ్వు గూడా డ్యూటీకొచ్చినావా?" అనేది.

నాలుగు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం ఆమె నవ్వలేదు.

కథలో ఆ డాక్టరమ్మకు ఒక్కతే కూతురు. తల్లికి ఇష్టంలేని పిల్లవాణ్ణి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ దండలు మార్చుకుంటున్నారు. అత్త "ఆపు" అంది. నేను ఆపాను. "ఈడి దాంకా నేను చూసిందే. ఇంగ నాకు తెలీదు" అంది. కాసేపు చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది. తర్వాత చెప్పింది.

ఆమె రిటైర్ కావడానికి ఐదారేళ్ళ ముందు సంగతి. ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లె నుంచి కూలిపని చేసుకునే ఒకావిడ వార్డులో చేరింది. లివరు చెడిపోయింది. ఆవిడ బిడ్డ కూడా ఇలాగే తనకు నచ్చినవాణ్ణి చేసుకుని పాణ్యం వెళ్ళిపోయింది. "నాకు కూతురే లేదు" అని ఆవిడ అందరితో చెప్పేది. కానీ ఈ సీరియల్ మాత్రం కన్నార్పకుండా చూసేది. జబ్బు ముదిరాక ఆవిడను చివరి గదిలోకి మార్చారు. అక్కడ టీవీ లేదు. "ఈ పొద్దు ఏమైంది సిస్టరమ్మా? ఆ డాక్టరమ్మ కూతురు ఏమైంది?" అని రోజూ అడిగేది. అత్తకు చూసే తీరిక ఏది? మొదట వార్డు ఆయాను అడిగి చెప్పింది. ఆ ఆయా సెలవు పెట్టాక తానే కల్పించడం మొదలుపెట్టింది.

"రోజుకింత కత కట్టినా మే. ఒకనాడు ఆ పిల్లకు జరమొచ్చిందంటి. ఇంగొకనాడు అమ్మను తలుచుకోని ఏడ్సిందంటి. పన్నెండు దినాలు. చివర్నాడు ఆయమ్మకు మాట గూడా సరిగా రాలే. 'ఏమైంది?' అని కండ్లతోనే అడిగింది. కూతురు వాకిట్లోకొచ్చింది, డాక్టరమ్మ చెయ్యి పట్టుకోని లోపలికి పిల్చుకున్యాది అని చెప్పినా."

"అప్పుడు?"

"శానాసేపు పైకి చూసింది. పక్కనే వాళ్ళక్క ఉన్యాది. 'నా కూతుర్ని గూడా రమ్మను' అని చెప్పింది. వాళ్ళు సాయంత్రమే ఫోన్ చేసినారు. ఆ పిల్ల తెల్లార్నే మొదటి బస్సుకు బయల్దేరింది. ఎనిమిదికి తల్లి పోయింది. పదికి పిల్ల వచ్చింది."

ఆ పిల్లకు అత్త ఒక్క మాట చెప్పింది: "మీయమ్మ నిన్ను రమ్మనింది." అది నిజమే. మిగతాది చెప్పలేదు. ఆ తర్వాత వార్డులో ఆ సీరియల్ వచ్చే వేళకు తల తిప్పుకుని పని చేసుకునేది. ఎవరైనా దాని గురించి మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోయేది.

"కేసు షీటులో ఒక్క తప్పుడు అచ్చరం రాయలే నేను. ఆ తల్లి మనసు మారింది మాత్రం నా అబద్ధంతో. టీవీలో ఆ డాక్టరమ్మ నిజంగా పిల్చుకోనుంటే నాకు బాధ లేదు. లేకుంటే, ఆ తల్లీకూతుర్లిద్దర్నీ నేను మోసం చేసినట్ల గదా? అది తెల్సుకోవల్ల మే. తెలీకుండా పోకూడదు."

అప్పటికి అర్థమైంది నాకు, మా ఇంట్లో నాలుగు నెలలుగా నడుస్తున్నది కాలక్షేపం కాదని.

మరునాడు నేనొక పని చేశాను. స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు ఫోన్లో ఆ తర్వాతి ఎపిసోడ్లు పెట్టుకుని చూశాను. కూతురు వచ్చింది. వానలో తడుస్తూ వాకిట్లో నిలబడింది. డాక్టరమ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది. ఈ బలహీనమైన గుండెతో అత్త దీన్ని చూడకూడదనుకున్నాను. ఆ భాగం వచ్చిన రోజు, ఏమీ ఎరగనట్టు రెండు ఎపిసోడ్లు దాటించి మూడోది పెట్టాను.

అత్త టీవీ వైపు చూడలేదు. నా వైపు చూసింది. "ఆపరేషన్ అయినాక లోపల గుడ్డ ముక్కలేమన్నా మర్చిపోయినారేమో అని లెక్కబెట్టేదాన్ని నేను. నాకు లెక్క తప్పదు. నడిమధ్యలో రెండు లేవు. పెట్టు."

పెట్టాను. కూతురి ముఖం మీద తలుపు మూసుకుంది. అత్త మెల్లగా లేచి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి పోయి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తిరిగి వచ్చి, "ఆ పాణ్యం పిల్లను పిలిపీ. నా నోటితో చెప్పాల" అంది.

నేను వెంటనే పిలిపించలేదు. ఈ తప్పు నాది. ఆమె వచ్చి కోపంతో ఏమంటుందో, దాన్ని అత్త తట్టుకుంటుందో లేదో అని వారం పది రోజులు ఏవో సాకులు చెప్పాను. ఈలోగా అత్తకు తిండి తగ్గింది. సీరియల్ పెడతానన్నా వద్దంది. రోజూ నేను కాలేజీ నుంచి రాగానే ఒకే ప్రశ్న: "ఫోన్ చేసినావా?" ఒకరోజు ఆ ప్రశ్న కూడా అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అప్పుడు నాకు భయం వేసింది. ఆళ్ళగడ్డలో ఆమెతో పనిచేసిన ఆ ఆయాకు ఫోన్ చేశాను. ఆయాది కూడా ఆ చనిపోయిన తల్లి పల్లే. అర్ధగంటలో నంబరు దొరికింది.

ఆమె ఆదివారం వచ్చింది. పాణ్యం నుంచి బస్సులో, ఒక సంచి నిండా జామకాయలు పట్టుకుని. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. బట్టలు కుడుతుందట. లోపలికి వస్తూనే అత్త కాళ్ళ వాపు చూసి ఆగిపోయింది. అత్త ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టించుకుని, డ్యూటీలో ఉన్నట్టే నిటారుగా కూర్చుంది.

"నేను గుర్తుండానా పాపా నీకు?"

"మర్చిపోతానా సిస్టరమ్మా? మాయమ్మ రమ్మనిందని చెప్పినారు గదా మీరు."

"అది నిజమే. కానీ ఇంగొకటి ఉండాది, నీకు చెప్పలే." అత్త ఊపిరి తీసుకుంది. "మీయమ్మ మనసు నేను చెప్పిన అబద్ధంతో మారింది. టీవీలో ఆ డాక్టరమ్మ కూతుర్ని ఇంట్లోకి పిల్చుకున్యాదని చెప్పినా. పిల్చుకోలే. వాకిలేసేసింది. మొన్న చూసినా. ఇంగ నువ్వు నన్నేమన్నా అను."

నేను అత్త కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. చెయ్యి ఆమె భుజం మీద వేశాను. ఆమె భుజం గట్టిగా బిగుసుకుని ఉంది.

ఆ అమ్మాయి తల దించుకుంది. "నాకు తెల్సు సిస్టరమ్మా" అంది.

"ఏందీ?"

"ఆ సీరియల్ నేను గూడా దినామూ చూస్తాంటి, పాణ్యంలో మా ఇంట్లో. ఆ వాకిలేసిన నాడు టీవీ ముందర కూచోని ఏడ్సినా. మాయమ్మ గూడా ఇదే చూస్తాంటాది, ఇంగ నన్ను జన్మలో రానియ్యదు అనుకున్యా. రెండు దినాలకు మా పెద్దమ్మ ఫోన్ చేసింది, మీయమ్మ నిన్ను రమ్మంటాండాదని. నాకేమీ అర్థం కాలే. అంతా అయిపోయినాక పెద్దమ్మ చెప్పింది, 'డాక్టరమ్మ కూతురు ఇంటికొచ్చిందంట, నా కూతుర్ని గూడా రమ్మను' అని మాయమ్మ అన్యాదని. అప్పుడే అనుకున్యా, ఎవురో మాయమ్మకు మంచిమాట చెప్పినారని. ఎవురో తెలీలే. పెద్దమ్మనడిగితే నిద్ర మత్తులో నేనేమీ వినలే అనింది."

చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"దండం పెట్టుకునేటప్పుడు ఆ మనిషికి గూడా ఒకటి పెట్టుకుంటి ఇన్నేండ్లూ. పేరు తెలీకుండానే. మీరేనా సిస్టరమ్మా?"

నా చెయ్యి కింద అత్త భుజం కిందికి దిగింది. ఎన్నేళ్ళ నుంచి మోస్తున్న బరువో, అది దిగడం నా అరచేతికి తెలిసింది. ఆమె ఏడవలేదు. నా వైపు తిరిగి, "ఈ పాపకు ముందు నీళ్ళియ్యి మే" అంది.

నీళ్ళు తాగాక ఆమెను అడిగింది: "ఇప్పుడు గూడా చూస్తాండావా దాన్ని? ఆ డాక్టరమ్మ వాకిలి ఎప్పుడు తీస్తాది?"

"ఇంగా తీయలే సిస్టరమ్మా. ఆ కూతురు ఏషం ఏసే అమ్మాయిని గూడా రెండుసార్లు మార్చినారు."

అత్తకు నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, మళ్ళీ నవ్వయింది. "అయితే నేను చెప్పిందే బాగుండాదిలే" అంది. ముగ్గురం నవ్వాం. ఆ అమ్మాయి సాయంత్రం దాకా ఉండి, జామకాయ ముక్కలు కోసిపెట్టి, నా రెండు జాకెట్లు వదులు చేయడానికి తీసుకుని వెళ్ళింది.

ఆ తర్వాత అత్త రెండు నెలలు బతికింది. ఆ రెండు నెలలూ మేం సీరియల్ చూస్తూనే ఉన్నాం, ఏమవుతుందోనన్న గుబులు లేకుండా. ఎవరు తలుపు తీసినా తీయకపోయినా ఆమెకు ఒకటే. కొన్నిసార్లు మధ్యలో ఆపించి, "ఈడ నేనైతే ఇట్ల చెప్పుంటా" అని తనదైన కథ చెప్పేది. మా ఆయన టీవీ కట్టేసి అదే వినేవాడు. పాణ్యం అమ్మాయి రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అత్త ఆమె గోళ్ళు చూసి, "సూది పనికి ఇంత గోళ్ళేంటికి?" అని కత్తిరించేది.

ఒకరోజు సీరియల్లో ఒక ముసలాయనకు ఒంటినిండా గొట్టాలు పెట్టారు. అత్త మా ఇద్దరినీ దగ్గరికి పిలిచింది. "వినండి. నాకిట్ల చేయొద్దు. నాకు తెల్సు అదెట్లుంటాదో, శానామందికి పెట్టిన చెయ్యి ఇది. ఆయాసమొస్తే మందియ్యండి, ఆక్సిజన్ పెట్టండి. అంతే. ఎవురేమన్నా మీరు మాట పడండి." డాక్టరుకు కూడా తానే చెప్పింది. ఆయన ఫైలులో రాసుకున్నాడు. అందుకే, కర్నూలుకు ఎందుకు తీసుకుపోలేదని అడిగినవాళ్ళతో నేను వాదించలేదు. మాట పడమంది, పడ్డాను. అందులో నాకు బాధ లేదు. ఆమెను ఎప్పుడూ నేనే చూసుకున్నానని అనుకునేదాన్ని. భయపడే మనిషితో ఎలా ఉండాలో, ఆ ఏడు నెలలూ నాకు నేర్పింది ఆమే.

చివరి వారం ఆమె ఎక్కువగా నిద్రపోయింది. శనివారం ఉదయం తేటగా లేచింది. ఇడ్లీ ఒకటి తింది. తల దువ్వమంది. కుర్చీని వెలుతురులోకి జరిపి, వెనక నిలబడి నూనె రాశాను. ఆమె జుట్టు పలచబడినా పొడుగు తగ్గలేదు. పూర్తిగా తెలుపు. డ్యూటీ రోజుల్లో టోపీ కింద ముడి వేసి దాచుకున్నదే తప్ప, దాన్ని జడగా ఎవరూ చూసి ఉండరు. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాను.

"గట్టిగా అల్లు మే. జారిపోతాది" అంది.

"సరే అత్తా."

సగం అల్లేసరికి ఆమె తల నెమ్మదిగా వెనక్కి, నా అరచేతి మీదికి వాలింది. నిద్ర అనుకున్నాను. ముందుకు వంగి చూసి, ముక్కు దగ్గర వేలు పెట్టి, కాదని తెలుసుకున్నాను. మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి నా ముఖం చూశాడు. ఒక్క నిమిషం ఆగమని తల ఊపాను.

పాయలు ఇంకా నా వేళ్ళ మధ్యే ఉన్నాయి. వదిలితే విడిపోతాయి. ఆమె చెప్పినట్టే గట్టిగా, కొస దాకా అల్లాను. చివర తెల్ల దారంతో ముడి వేసి, జడను ముందుకు తెచ్చి భుజం మీద వేశాను. కిటికీలోంచి గాలి వస్తోంది. ఆ జడ కొస కొంచెం కొంచెంగా కదులుతూ ఉంది.